అత్త పళ్ల సాక్ష్యం

పళ్ల ల్యాబు మీది గది నుంచి,
వానలు మొదలైన వారం

అత్తకి,

ముందు తగువు, తర్వాత కబురు. ఫోను ఎత్తడం ఎందుకు మానేశావు? మోగించి మోగించి విసుగొచ్చింది. చివరికి నీ దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. "ఫోనులో నీ మాట పూర్తి కాకుండా నేను దూరతాను, నా మాట పూర్తి కాకుండా నువ్వు దూరతావు. ఇకమీదట ఉత్తరాలే." డ్రైవింగు నేర్పి నేర్పి చివరికి మాటలకి కూడా సిగ్నలు లైట్లు పెట్టావన్నమాట. సరే, నీ మాటే కానివ్వు.

కబురేమిటంటే, మా చర్చి నుంచి సముద్రం అవతలి దీవికి వెళ్లే సేవా బృందంలో నన్ను తీసుకున్నారు. అక్కడ ఊళ్లకి ఊళ్లు పళ్ల డాక్టరు లేడట. పెద్దవాళ్లు బోసినోళ్లతో మెత్తటివి మింగుతూ కాలం గడుపుతున్నారట. మా డాక్టరు గారు వస్తారు, చిగుళ్ల అచ్చులు ఆయన తీస్తారు. వాటి మీద మైనం పెట్టి, పళ్లు పేర్చి, సెట్లు చేసేది నేను. మా అందరినీ నడిపించేది రిటైరైన నర్సమ్మ గారు. చర్చిలో నా పేరు చదివితే ఇంకెవరిదో అనుకున్నాను. ల్యాబులో మూలన కూర్చుని, మొహం ఎలా ఉంటుందో తెలియని మనుషులకి పళ్లు చేసే పని నాది. నన్ను ఒక దేశం దాటించి పిలుస్తారని కలలో కూడా అనుకోలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఖర్చుకి సొంత జీతం పెట్టుకోకూడదు. టికెట్టు దగ్గర్నుంచి ప్లాస్టరు దాకా అంతా నోరు తెరిచి అడిగి తెచ్చుకోవాలి. అది నర్సమ్మ గారి నియమం. "ఒకరిని అడిగినప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే నాతో రావాలమ్మా. అక్కడ మన ముందు కూర్చునేవాళ్లందరూ అడగాల్సి వచ్చినవాళ్లే" అన్నారావిడ. నాన్నేమో, అడుక్కోవడం మన ఇంటా వంటా లేదని మొహం తిప్పుకున్నాడు. నాకూ నోరు పెగలడం లేదు. ల్యాబులో ఎవరూ లేనప్పుడు ప్లాస్టరు దవడల్ని వరుసగా పెట్టుకుని, "అయ్యా, అమ్మా" అని ప్రాక్టీసు చేస్తున్నాను. వాటిలో ఒక్కటి కూడా పైసా ఇవ్వలేదు.

అందుకని మొదట నిన్ను అడుగుతున్నాను. డబ్బు తర్వాత. ముందు నీ ఫొటో కావాలి. పోయినేడు నీకు నేను చేసిన పళ్లతో నువ్వు నవ్వుతున్నది. చర్చి గోడకి పోస్టరు వేస్తాం. క్లాసులు మానుకుని రానంటే, చిగుళ్ల అచ్చొక్కటి డాక్టరు గారి చేత తీయించి, రెండు దవడలూ కలిసే కొలత మీ వంటింట్లో నేనే తీశాను, గుర్తుందా? నువ్వు ఒకటే నవ్వు. పై సెట్టూ కింది సెట్టూ మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదుగా అయిన పని అదొక్కటే. నాకు చూపించుకోవడానికి నువ్వే ఉన్నావు.

ఇంతకీ ఎలా ఉన్నాయి? బాగున్నాయా?

నీ ఉడత


డ్రైవింగ్ స్కూలు, మెట్ల కింద ఆఫీసు నుంచి

ఉడతా,

చిన్నప్పుడు నీ ముందు పళ్లు చూసి ఉడతా అని పేరు పెట్టినదాన్ని నేనే. ఆ ఉడత ఇప్పుడు సముద్రం దాటి ఊరి జనానికి పళ్లు పెట్టబోతోందంటే నా ఒళ్లు పొంగిపోయింది. పొద్దున క్లాసుకి వచ్చిన కుర్రదానికి నీ ఉత్తరం చదివి వినిపించాను. వినడంలో మునిగిపోయి క్లచ్ వదిలేసింది. కారు ఒక్క ఎగురు ఎగిరింది.

ఫొటో పంపుతున్నాను. స్కూలు కారు ముందు నిలబడి తీయించుకున్నాను. ఎదురుగా ఎండ ఉన్నా కళ్లు చికిలించకుండా నవ్వాను, నీ కోసం. వాడుకో. పెద్దది చేసి వాడుకో. పళ్లు బ్రహ్మాండం. చూసినవాళ్లందరూ నాకు పదేళ్లు తగ్గాయంటున్నారు.

అడగడం గురించి నీకు భయమెందుకో నాకు తెలుసు. మీ నాన్న చిన్నప్పటి నుంచీ అంతే. దాహమేసినా పక్కింటి వాళ్లని మంచినీళ్లు అడిగేవాడు కాదు. మనం అడుగుతున్నది మన ఇంట్లోకి కాదు కదా. నేనేం చేశానో చెప్పనా? కారులో నేర్చుకునేవాళ్లకి ఎదురుగా, మీటరు పక్కన, ఒక చిన్న డబ్బా అంటించాను. "నా మేనకోడలు పరాయి దేశంలో పెద్దవాళ్లకి పళ్లు పెట్టడానికి వెళుతోంది. మీరు గేరు తప్పు వేసినప్పుడల్లా ఇందులో ఎంతో కొంత వేయండి" అని చెప్పాను. రివర్సు నేర్పే రోజున డబ్బా బాగా బరువెక్కుతోంది. నన్ను బ్రేకు మేడమ్ అని వెనక పిలుస్తారని తెలుసు. ఇప్పుడు చందా మేడమ్ అంటున్నారు.

నువ్వు మాత్రం ప్లాస్టరు దవడల్ని వదిలి మనుషుల దగ్గరికి వెళ్లు.

మీ అత్త


పళ్ల ల్యాబు మీది గది నుంచి,
ఆదివారం గడిచిన మర్నాడు

అత్తా,

ఈమధ్య చర్చికి రావడం తగ్గించావు కదా, నువ్వు వస్తావని అనుకోలేదు. పాట అవుతుండగా తలుపు దగ్గర గొడుగు దులుపుతూ కనిపించేసరికి నాకు కొండంత ధైర్యం వచ్చింది. వచ్చినా వెనక బెంచీలో కూర్చుని ప్రార్థన అవగానే జారుకునేదానివి, నిన్న నాకోసం మొదటి వరుసలో కూర్చున్నావు.

సాక్ష్యం చెప్పడానికి లేచాను. రాసుకున్న కాగితం మడత విప్పలేకపోయాను. నీ మొహం చూశాను. నువ్వు నవ్వావు. ఇక కాగితం అక్కర్లేకపోయింది. "దేవుడు నా చేతులకి ఈ చిన్న పని ఇచ్చాడు. మా అత్త రెండేళ్లు నోరు మూసుకుని తిరిగింది. ఇప్పుడు చూడండి, యాపిల్ కొరుకుతోంది, వేరుశనగలు నములుతోంది" అన్నాను. అందరూ నీ వైపు తిరిగారు. నువ్వు ఇంకా పెద్దగా నవ్వావు. ముందు వరుసలో పాస్టరు గారి భార్య కళ్లు తుడుచుకున్నారు.

ఆ తర్వాత జరిగింది వింటే నమ్మవు. కానుకల బుట్ట నిండిపోయి రెండోది తెచ్చారు. ఫర్నిచరు కొట్టాయన లేచి, నీ పోస్టరు చూపించి, "ఇలాంటి నవ్వులు వంద ఇస్తామంటే టికెట్ల ఖర్చులో సగం నాది" అన్నాడు. నర్సమ్మ గారు కాస్త ఆలోచించి సరేనన్నారు. ఇప్పుడు పోస్టరు మీద పెద్ద అక్షరాలతో "ఈ నవ్వు వందమందికి" అని రాయించారు. పక్క పేటల్లో ఇంకో మూడు చర్చిలకి కూడా పంపారు. నువ్వు బస్టాపు ఎదురుగా కూడా నవ్వుతున్నావు అత్తా.

ఒక్కటే వెలితి. భోజనాల దగ్గర నీ కోసం కుర్చీ ఉంచాను. క్లాసు ఉందని చెప్పి వెళ్లిపోయావట. ఆదివారం నీకు క్లాసేమిటి?

ఉడత


డ్రైవింగ్ స్కూలు, మెట్ల కింద ఆఫీసు నుంచి

ఉడతా,

క్లాసు నిజంగానే ఉంది. పరీక్ష దగ్గరపడ్డవాళ్లకి ఆదివారాలు కూడా నేర్పుతున్నాను. ఊరికే ఆరాలు తీయకు.

డబ్బా నిండితే పాస్టరు గారికి అందజేశాను. రసీదు ఇచ్చారు. నా దగ్గర నేర్చుకుంటున్న ఒక కొత్త పెళ్లికొడుకు, గోడని గుద్దబోయి ఆగినందుకు కృతజ్ఞతగా ఒక నోటు వేశాడు. ఆ బ్రేకు తొక్కింది నేనని నేను చెప్పలేదు.

నిన్న బస్టాపు దగ్గర ఒక ముసలావిడ నన్ను ఆపింది. పోస్టరులో ఉన్నది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. నా నోటి వంక చాలాసేపు చూసింది. ఆమెకి ఒక్క పన్ను లేదు. "నిజంగా నమలొచ్చా అమ్మా? నిజం చెప్పు, నేను కూడా కట్టించుకుందామని" అంది. నమలొచ్చు అన్నాను. చేతిసంచిలోంచి చిల్లర తీసి, దీవిలో వాళ్లకి పంపమని నా చేతిలో పెట్టి వెళ్లింది.

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నీకు ఇంకో మాట రాయాలి. ఇవాళ కాదు. ఇవాళ కారు సర్వీసింగు ఉంది.

అత్త


డ్రైవింగ్ స్కూలు నుంచి కాదు, మా వంటింట్లోంచి

ఉడతా,

కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఇదే కుర్చీలో నన్ను కూర్చోబెట్టి కొలత తీశావు.

ఆ పళ్లు నాకు సరిపోవు. మొదటి రోజు నుంచీ సరిపోలేదు. కింది సెట్టు ఎడమ పక్క చిగురుని కోస్తుంది. రెండు సెట్లూ కలిస్తే ముందు పళ్లు తగులుతాయి, వెనకవి తగలవు. తినేటప్పుడు తీసేస్తాను. బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటాను, ఇంట్లోకి రాగానే స్టీలు డబ్బాలో పడేస్తాను. ఈ సంగతి నీకు తెలియకుండా ఉండటానికి ఫోను మానేశాను. పెట్టుకుని మాట్లాడితే ఈల వేసినట్టుంటుంది, తీసేసి మాట్లాడితే బుసకొట్టినట్టుంటుంది. ఎలా మాట్లాడినా నువ్వు పట్టేస్తావు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నువ్వు అద్దం పట్టుకుని నా ముందు నిలబడి, "బాగున్నాయా అత్తా?" అన్నావు. నీ మొహం చూస్తూ బాగాలేవని ఎలా చెప్పను? కొలత తీసేటప్పుడు తప్పు నాది కూడా. నువ్వు మెల్లగా మూయమంటే, ఫొటోకి నిలబడ్డట్టు గడ్డం ముందుకు పెట్టి నవ్వుతూ మూశాను. నువ్వు కూడా మురిసిపోయి దాన్నే ఖాయం చేశావు. నవ్వు చూసి చేశావు ఉడతా, నమలడం చూడలేదు.

నా నోరే అయితే ఇలాగే పంటి బిగువున నెట్టుకొచ్చేదాన్ని. నేను నీ మీద ప్రేమ కొద్దీ చెప్పలేదు. అక్కడివాళ్లు మర్యాద కొద్దీ చెప్పరు. ఎక్కడినుంచో విమానమెక్కి వచ్చి ఉచితంగా పళ్లు పెట్టినవాళ్ల మొహం మీద, ఇవి గుచ్చుకుంటున్నాయని ఎవరంటారు? దండం పెట్టి, ఫొటోకి నవ్వి, ఇంటికెళ్లి డబ్బాలో పడేస్తారు. నువ్వేమో వంద నవ్వులు ఇచ్చామని సంతోషంగా తిరిగొస్తావు. ఆ ముసలావిడకి నేను చెప్పిన అబద్ధం నువ్వు వందమందికి చెప్పినట్టవుతుంది.

ఈ మాట నీకు ఎంత గుచ్చుకుంటుందో తెలుసు. నువ్వు అక్కడికి వెళ్లాలనే రాస్తున్నాను. నన్ను తిట్టు, పడతాను.

అత్త


పళ్ల ల్యాబు మీది గది నుంచి,
చాలా రోజుల తర్వాత

అత్తకి,

జవాబు రాయకూడదనుకున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నేను దేవుడి మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. నువ్వు మొదటి వరుసలో కూర్చుని దాన్ని చెప్పనిచ్చావు. అందరూ నీ వైపు తిరిగితే నవ్వావు. ఆ నవ్వుకి బుట్టలు నిండాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం ఎవరో ఒకరు నా భుజం తట్టి, మీ అత్త ఎలా నములుతోంది అని అడుగుతున్నారు. నాకు అక్కడే భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపిస్తోంది.

ఒక సంవత్సరం నొప్పి ఓర్చుకున్నావు. ఒక్క మాట చెప్పకూడనంత చిన్నపిల్లనా నేను? నా పని మీద నమ్మకం లేకనా, నా మీదే లేకనా?

ల్యాబులో నేను చేసిన సెట్ల వంక చూడలేకపోతున్నాను. ఎంతమంది డబ్బాల్లో పడేశారో అనిపిస్తోంది. పేరు తీసేయమని నర్సమ్మ గారికి చెప్పేస్తాను. వాళ్లు వేరే మనిషిని వెతుక్కోవడానికి ఇంకా టైముంది.

ఉడత


డ్రైవింగ్ స్కూలు, మెట్ల కింద ఆఫీసు నుంచి

ఉడతా,

పళ్లు పెట్టుకోకుండానే పాస్టరు గారి ఇంటికి వెళ్లి నా సంగతి చెప్పొచ్చాను. బోసినోటితో ఊరంతా నడవడం తలవంపుగానే ఉంది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. నీ సంగతి నువ్వే చెప్పాలన్నారు. అది నేను చెప్పి చేయించేది కాదు.

నమ్మకం లేక కాదు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి ఒంట్లో బాగోక నెల పాటు నిన్ను నా ఒళ్లోనే పడుకోబెట్టుకున్నాను. అప్పటి నుంచీ నీ మొహం చిన్నబోతే చూడటం నాకు చేతకాదు. నీకు నొప్పి పెట్టకూడదని నా చిగుళ్లకి పెట్టుకున్నాను. అది ప్రేమేగానీ తెలివి కాదు. ఒప్పుకుంటున్నాను.

పేరు తీసేయడం గురించి నాకు ఒక్కటే తోచింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మొదటి రోజు ఇంజను ఆపేసినవాళ్లందర్నీ నేను ఇంటికి పంపేస్తే, ఈ ఊళ్లో కారు నడిపేవాడే ఉండడు. అందరూ ఆపుతారు. నేర్పేటప్పుడు నేను ఎప్పుడూ "అర్థమైందా" అని అడగను. అర్థమైందా అంటే తల ఊపుతారు, ఊపుతూనే గోడకి గుద్దుతారు. "ఇప్పుడు ఏ కాలు ఎక్కడ పెట్టావో చెప్పు" అంటాను. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. నువ్వు నన్ను బాగున్నాయా అని అడిగావు. నేను తల ఊపాను.

కోపం తగ్గేదాకా రాయొద్దు. తగ్గాక రాయి.

అత్త


పళ్ల ల్యాబు మీది గది నుంచి,
వానలు వెనకబడ్డాక

అత్తా,

కోపం పూర్తిగా తగ్గలేదు, అయినా రాస్తున్నాను. చెప్పాల్సినవి పేరుకుపోయాయి.

నర్సమ్మ గారికి అంతా చెప్పి, పేరు తీసేయమన్నాను. ఆవిడ టీ కలుపుతూ విన్నారు. "నేను కూడా వందకి సరే అన్నదాన్నే కదమ్మా. తొమ్మిది రోజుల్లో వంద ఎలా అవుతాయని లెక్క చూసుకోలేదు. డబ్బు వస్తుంటే నోరు కట్టుకుపోయింది" అన్నారు. డాక్టరు గారిని కూడా పిలిచారు. సెట్టు ఇచ్చాక ఒకటికి రెండుసార్లు మళ్లీ చూసి, గుచ్చుకునే చోట అరగదీయకపోతే ఇచ్చి లాభం లేదన్నారాయన. అలా అయితే సగం కూడా చేయలేం. ముప్పైకి వచ్చి ఆగాం. పేరు తీసేసే మాట ఎవరూ ఎత్తలేదు, నేను కూడా మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం లేచి నిలబడ్డాను. ఈసారి ముందు వరుసలో నువ్వు లేవు. "పోయినసారి నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు. నాకు తెలియక చెప్పాను, కానీ నిజం కాదు. మా అత్త ఆ పళ్లతో నమలలేదు. మేం వందమందికి చేయలేం, ముప్పైమందికి సరిగ్గా చేయగలం. మీరిచ్చింది వెనక్కి కావాలంటే అడగండి" అన్నాను. చెప్పి కూర్చున్నాను. ఫర్నిచరు కొట్టాయన, వంద అన్నందుకే ఇస్తానన్నానని చెప్పి తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. పోస్టర్లు నేనే తిరిగి తిరిగి చింపేశాను. బస్టాపు దగ్గరిది వానకి గోడకే అతుక్కుపోయింది, నీ గడ్డం రాలేదు.

టికెట్లకి డబ్బు లేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు గొడుగుల స్టాండు దగ్గర, పాటల బృందంలో పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. హ్యాండుబ్యాగులోంచి రుమాలు మూట తీసి విప్పింది. అందులో ఆవిడ పళ్ల సెట్టు. "ఎనిమిదేళ్లైందమ్మా. పాడేటప్పుడు జారిపోతుందని తీసేసి, నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని పాడతాను. మా అబ్బాయి అంత ఖర్చు పెట్టి కట్టించాడు, వాడికెలా చెప్పను?" అంది. వారం తిరక్కుండా పదకొండుమంది వచ్చారు. తలుపు దగ్గర వందనాలు చెప్పే తాతగారిది చొక్కా జేబులోనే ఉంది. ఇంతమంది పళ్లు నోట్లో లేకుండా ఇన్నాళ్లు మన చర్చిలో ఆమెన్ ఎలా పలికారో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు శనివారాలు చర్చి వెనక హాలులో డాక్టరు గారూ నేనూ కూర్చుంటున్నాం. ఆయన నొప్పి ఉన్న చోట చిగురు మీద రంగు పెన్సిలుతో చుక్క పెడతారు. సెట్టు పెట్టి తీస్తే ఆ చుక్క సెట్టుకి అంటుకుంటుంది. నేను అక్కడ కొంచెం కొంచెంగా అరగదీసి పాలిషు పెడతాను. "బాగుందా" అనే మాటకి హాలులో నిషేధం. రొట్టె ముక్క ఇచ్చి, "నమిలి చూపించండి, ఎక్కడ ఆగుతుందో చెప్పండి" అంటున్నాం. సరిచేసినందుకు మేం ఏమీ తీసుకోవడం లేదు. వెళ్లేటప్పుడు వాళ్లే బుట్టలో వేస్తున్నారు. నేను అడగనక్కర్లేదనుకున్నాను, నర్సమ్మ గారు ఒప్పుకోలేదు. అందుకని ప్రతి ఒక్కరినీ కళ్లలోకి చూసి అడుగుతున్నాను. ఇప్పుడు నోరు పెగులుతోంది అత్తా. పక్క పేటల చర్చిల వాళ్లు కూడా వస్తుండటంతో టికెట్లు ఖాయమైపోయాయి. ప్లాస్టరు ఒక్కటే మిగిలింది.

వచ్చే శనివారం నీ క్లాసులు మూసేసి రా. నీ కొలత డాక్టరు గారి చేత మళ్లీ తీయిస్తాను. ఇది అడగడం కాదు.

ఉడత


డ్రైవింగ్ స్కూలు, మెట్ల కింద ఆఫీసు నుంచి

ఉడతా,

కొత్త సెట్టు మీద ఫిర్యాదులు రాయమన్నావు కదా, రాస్తున్నాను.

కుడి వైపు బాగానే ఉంది. ఎడమ వైపు కింద ఇంకా కొంచెం గీసుకుంటోంది. పైది ఆవలించినప్పుడు కదులుతోంది. రంగు నాకు నచ్చలేదు, పాత వాటికంటే పసుపుగా ఉన్నాయి, నా వయసు వాళ్లకి అంతే ఉంటుందని డాక్టరు గారు అన్నారట, ఆయన వయసు ఆయన చూసుకుంటే మంచిది. రెండు శనివారాలుగా నన్ను గడ్డం ముందుకు పెట్టొద్దని నువ్వు గదమాయించిన తీరు కూడా నాకు నచ్చలేదు. నా స్టూడెంట్లు చూసి ఉంటే పండగ చేసుకునేవాళ్లు.

నిన్న వేరుశనగలు తిన్నాను. గుప్పెడు. ఒక్కదాన్నే కూర్చుని, వెనక పళ్లతో, మెల్లగా. కళ్లలో నీళ్లొచ్చాయి. నొప్పికి కాదు.

ఆ ముసలావిడ కోసం బస్టాపులో కాపు కాశాను. దొరికింది. ఆమె ముందు ఒక గింజ నమిలి చూపించి, అప్పుడు చెప్పింది అబద్ధమని, ఇప్పుడు చెప్పేది నిజమని చెప్పాను. నాకు పిచ్చేమోనని కాస్త వెనక్కి జరిగింది. తర్వాత నీ అడ్రసు తీసుకుంది.

డబ్బాలో మిగిలింది పంపాను. ప్లాస్టరుకి సరిపోతుందనుకుంటాను. విమానంలో కిటికీ దగ్గర కూర్చో. దిగగానే రాయి. నాకు భయంగా ఉంది, గర్వంగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉంటే తిండి సహించడం లేదు. పళ్లు కుదిరాక ఆకలి పోవడం నా ఖర్మ.

అత్త


దీవి నుంచి, బడి గదిలో,
నాలుగో రోజు

అత్తా,

పిల్లల బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఈ బడిని తొమ్మిది రోజులకి మాకు ఇచ్చారు. ఒక గదిలో డాక్టరు గారి కుర్చీ, ఇంకో గదిలో నా మైనం, నా స్టవ్వు, నా ప్లాస్టరు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, చూడటానికి తీరిక లేదు.

మొదటి రెండు రోజులూ అచ్చులే. నిన్న మొదటి ఆరు సెట్లు ఇచ్చాం. నువ్వు చెప్పినట్టే జరిగింది. ఒక్కొక్కరూ అద్దంలో చూసుకున్నారు, నా చేతులు కళ్లకి అద్దుకున్నారు. రొట్టె ముక్క ఇచ్చి నమిలి చూపించమన్నాను. నమిలారు. ఎక్కడ నొప్పి అని అడిగించాను. ఎక్కడా లేదన్నారు. మా మాటలు వాళ్లకీ వాళ్ల మాటలు మాకూ చెప్పేది ఇంగ్లీషు వచ్చిన ఇక్కడి బడి పంతులు గారు, చాలా మర్యాదస్తుడు. ఒకాయన మింగేటప్పుడు కళ్లు చికిలించడం నేను చూశాను. అడిగితే, సంతోషమన్నాడు.

నేను నమ్మలేదు. సాయంత్రం వాళ్లందరినీ కూర్చోబెట్టి నీ కథ చెప్పాను. ఏం అనుకోకు. మా అత్త ఒక సంవత్సరం పాటు పళ్లు డబ్బాలో దాచి నాకు బాగున్నాయని రాసిందని, నేను చర్చిలో లేచి అబద్ధపు సాక్ష్యం చెప్పానని, అందరి ముందూ అభాసుపాలయ్యానని చెప్పాను. బుసకొట్టినట్టు మాట్లాడి చూపించాను. పంతులు గారు కూడా బుసకొట్టారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వి, దండాలు పెట్టి, ఇళ్లకి వెళ్లిపోయారు. ఒక్కరు కూడా ఏమీ చెప్పలేదు. ఇంతదూరం ఇంతమంది డబ్బుతో వచ్చి, మళ్లీ అదే పని చేస్తున్నానని పడుకోబోయే ముందు ప్రార్థనలో ఏడ్చాను.

ఈ పొద్దున గది తలుపు తెరిచేసరికి మెట్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నిన్న సెట్టు తీసుకున్నవాళ్లలో ఆమె ఒకతి. నన్ను చూడగానే నోట్లోంచి కింది సెట్టు తీసి నా అరచేతిలో పెట్టింది. పెట్టి, మొదలుపెట్టింది. చెయ్యి ఊపుతూ, గడ్డం చూపిస్తూ, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా తిట్టింది. పంతులు గారు పరిగెత్తుకొచ్చి నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఏమంటోందో చెప్పండి అన్నాను.

"నొప్పి కొంచెం ఉందంటోందమ్మా" అన్నారు.

"ఇంత పొడుగు మాటకి అంతేనా? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన ఈసారి పూర్తిగా చెప్పారు. "ఇవి పళ్లా, రాళ్లా అంటోంది. రాత్రంతా నిద్రపోలేదంట. మీ అత్తలాగ సంవత్సరం పాటు ఓర్చుకునే వయసు తనకి లేదంట. ఇప్పుడే సరిచేయమంటోంది, లేకపోతే పెట్టుకోదంట."

నేను ఆమెని కావలించుకున్నాను. ఆమె విడిపించుకుని, ముందు పని చూడమన్నట్టు సెట్టు వైపు వేలు చూపించింది. డాక్టరు గారు చుక్క పెట్టారు. ఎడమ పక్కన, లోపలి అంచు. నేను అరగదీశాను. పెట్టుకుంది, నమిలింది, తల అడ్డంగా ఊపి మళ్లీ తీసి ఇచ్చింది. మళ్లీ అరగదీశాను. మూడోసారి నమిలి, ఇంకో రొట్టె ముక్క తనే తీసుకుంది. నవ్వలేదు. తింటూ కూర్చుంది.

తల ఎత్తి చూస్తే, తలుపు బయట నిన్న సంతోషమన్నాయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మిగతా నలుగురు. అందరి పళ్లూ చేతుల్లోనే ఉన్నాయి. ఆమె రొట్టె నములుతూ వాళ్లతో ఏదో అంది, వాళ్లు వరుసలో నిలబడ్డారు.

ఇక ఆపుతాను అత్తా. తిట్లు తినాల్సినవాళ్లం డాక్టరు గారూ నేనూ ఇద్దరం, ఆయన పిలుస్తున్నారు.

నీ ఉడత